కెజియా చదువుల మూట

మూట పోయిందని ఫోన్ వచ్చింది.

బుధవారం, మధ్యాహ్నం ఒంటిగంట. ఫోన్ చేసింది ఒక అమ్మాయి. ఏడవడం లేదు. ఏడుపు గొంతులో అదిమిపెట్టి మాట్లాడుతోంది.

"టర్న్ బైట్ నుంచి మాట్లాడుతున్నానండీ. కెజియా ఫ్రూడ్‌ని. మా ఇంట్లో దొంగతనం జరిగింది. నా కాలేజీ డబ్బు."

స్టేషన్లో పోలీసు కార్పొరల్ ఫిలొమినా కియో తాగుతున్న టీ పక్కన పెట్టింది.

"ఇంట్లో ఎవరికైనా దెబ్బలు తగిలాయా?"

"లేదు."

"ఏమీ ముట్టుకోకండి. వస్తున్నా."

కెనడా తూర్పు కొసన న్యూఫౌండ్‌లాండ్ ఉత్తర తీరంలో ఆగస్టు నెలలో కూడా ఎండ ఉంటుందని నమ్మకం లేదు. ఆ రోజు రోడ్డు మీద పొగమంచు. కొండ మలుపు తిరిగితే టర్న్ బైట్. కొండకీ సముద్రానికీ మధ్య ఇరుక్కున్నట్టు నలభై ఇళ్ళు. ఫ్రూడ్ వాళ్ళది పసుపు రంగు ఇల్లు.

ఫిలొమినా కారు ఆపి ఇంటి వెనక్కి నడిచింది. వెనక చిన్న వసారా. దాని తలుపుకి ఇనప గొళ్ళెం. ఎత్తింది. రాలేదు. మళ్ళీ ఎత్తింది. రాలేదు.

లోపలి నుంచి కెజియా గొంతు. "పైకెత్తి మోకాలితో తొయ్యండి."

తోసింది. తెరుచుకుంది. వసారా దాటి వంటింటి తలుపు ముందు నిలబడి మూడుసార్లు తట్టింది.

"పోలీసమ్మాయేనా?" అంది లోపల ఒక ముసలి గొంతు. "నీ కారు బెల్టు కీచుమంటుంది, మలుపు దగ్గరే విన్నా. రా తల్లీ. తలుపు కొడతావేం, ఇదేమన్నా బ్యాంకా?"

డార్కస్ అత్త. కెజియాకి నానమ్మ, ఊరంతటికీ అత్తే. కిటికీ పక్కన మంచం మీద కూర్చుని ఉంది. చూపు పోయి తొమ్మిదేళ్ళయింది. అయినా చేతుల్లో అల్లిక సూదులు ఆగలేదు. వేటగాళ్ళు వేసుకునే ఉన్ని చేతి తొడుగులు అల్లుతోంది, చూపుడువేలికి వేరే అర ఉండేవి. ఆ తీరంలో ఆవిడ తొడుగు వేసుకోని చెయ్యి తక్కువ.

వంటింట్లో పొయ్యి వెచ్చగా ఉంది. ఫిలొమినా కోటు గుండీలు విప్పుకుంది. నోట్‌బుక్ తీసింది.

"మూట ఎక్కడుండేది?"

కెజియా చూపించింది. "అదిగో. పిండి డబ్బా వెనకాల."

"ఎవరు పెట్టారు?"

"మా నాన్న. ఆదివారం."

"మూటలో ఏముంది?"

జవాబు డార్కస్ అత్త చెప్పింది. "పద్దెనిమిదేళ్ళ నా అల్లిక ఉంది."

చిన్నగా విషయం బయటికొచ్చింది. కెజియా పుట్టిన ఏడాది చదువుల పొదుపు ఖాతా ఒకటి తెరిచారు. తొడుగులమ్మిన డబ్బు నెలనెలా డార్కస్ అత్త కొడుకు చేతిలో పెట్టేది. ఆ కొడుకు, కెజియా తండ్రి లియాండర్, దాన్ని ఆ ఖాతాలో వేసేవాడు. ఇంటివాళ్ళు వేసే ప్రతి డాలరుకీ ప్రభుత్వం ఇరవై సెంట్లు కలుపుతుంది. కెజియాకి సెయింట్ జాన్స్ నగరంలో నర్సింగ్ సీటు వచ్చింది. శుక్రవారం వెళ్ళి మొదటి ఫీజు కట్టాలి. కట్టకపోతే సీటు ఇంకొకరికి వెళ్తుంది.

"అంత డబ్బు నగదుగా ఎందుకు తెచ్చారు?"

"నేనే అడిగా," అంది డార్కస్ అత్త. "చూడలేను కదా. ఒక్కసారి చేత్తో పట్టుకుని ఇస్తానన్నా. ప్రభుత్వం వాటాతో సహా మొత్తం ఇచ్చేశారట. మావాడు ఆదివారం నా ఒళ్ళో పెట్టాడు. మా కోడలి రుమాల్లో కట్టి. ఉన్నప్పుడు అది తలకి కట్టుకునేది."

కోడలు రోడా చనిపోయి పన్నెండేళ్ళు.

"విప్పి చూశారా?"

సూదులు ఒక్క క్షణం ఆగాయి. "ఎందుకు విప్పుతాను? నా కొడుకు కట్టిన ముడి."

"ఈ ఉదయం ఏం జరిగింది?"

"కెజియా కొట్లో పనికి వెళ్ళింది. రేడియోలో పదిన్నర వార్తలు అయిపోతున్నాయి. వసారా గొళ్ళెం చప్పుడైంది. అడుగులు. తరవాత ఈ తలుపు కొట్టారు. మూడుసార్లు. ఎవరది అన్నా. పలకలేదు. అడుగులు వెనక్కి వెళ్ళిపోయాయి. తరవాత నాకు కునుకు పట్టింది. లేచి తడిమితే మూట లేదు."

ఇంతలో గొళ్ళెం మోగింది. ఎవరూ తలుపు తట్టలేదు. నలుగురైదుగురు నేరుగా లోపలికి వచ్చేశారు. పక్కింటి గార్లాండ్ నోబుల్, అతని భార్య మెల్వినా, మరికొందరు. వాళ్ళ వెనక లియాండర్. యాభైకి దగ్గర పడ్డ మనిషి. చేతులకి తారు. తలుపు దగ్గరే నిలబడ్డాడు.

"లియాండర్, ఉదయం ఎక్కడున్నారు?"

"రేవులో. షెడ్డులో వలలు బాగుచేస్తున్నా."

"ఒక్కరేనా?"

"నేనున్నా కదా," అన్నాడు గార్లాండ్. "మధ్యలో ఓసారి ఇంజిన్ నూనె తెస్తానని వెళ్ళి ఉత్త చేతులతో వచ్చాడు. తల ఎక్కడో మర్చిపోయే మనిషి. అది సరేగానీ కార్పొరల్, అత్త చెప్పింది విన్నావా? తలుపు కొట్టాడట."

"విన్నాను."

"ఇంకేం కావాలి? కొట్టాడంటే మనవాడు కాదు. ఈ ఊళ్ళో తలుపు కొట్టేదెవడు? మెల్వినాని పెళ్ళికి అడగడానికి వాళ్ళింటికి వెళ్ళినప్పుడు కూడా నేను కొట్టలేదు."

"కొట్టుంటే బాగుండేది," అంది మెల్వినా. "పారిపోడానికి టైముండేది."

ఎవరో నవ్వారు. వెంటనే ఆపేశారు.

"ఊళ్ళో పరాయివాడు ఒక్కడే," అన్నాడు గార్లాండ్.

అందరికీ తెలుసు. మర్రే టెయిట్. ఒంటారియో మనిషి. చదువుల పొదుపు పథకాలు అమ్మే ఏజెంటు. సోమవారం ఊరి హాల్లో మీటింగ్ పెట్టి ప్రభుత్వం ఇచ్చే సొమ్ము గురించి చెప్పాడు. ముగ్గురు వెళ్ళారు. అందులో ఇద్దరు బిస్కెట్ల కోసం.

ఫిలొమినా లియాండర్ వైపు చూసింది. "మీకెవరి మీదైనా అనుమానం ఉందా?"

లియాండర్ నేల వైపు చూశాడు. "లేదు," అన్నాడు. "ఎవరి మీదా లేదు."

మంచి మనిషి, ఎవరి పేరూ చెప్పడు, అనుకుంది ఫిలొమినా.

*

మర్రే టెయిట్ అద్దె గదిలో చొక్కాలు మడత పెట్టుకుంటున్నాడు. పొట్టి మనిషి. నున్నటి బూట్లు.

"ఊరు వదిలి వెళ్తున్నారా?"

"రేపు వెళ్దామని, మేడమ్. ఇక్కడ నా మాట వినేవాళ్ళు లేరు."

"ఈ ఉదయం ఫ్రూడ్ వాళ్ళింటికి వెళ్ళారా?"

అతను మడత ఆపాడు. "పసుపు రంగు ఇల్లేనా? వెళ్ళాను."

"ఎన్ని గంటలకి?"

"పది దాటింది."

"ఎందుకు?"

"ఇంటింటికీ వెళ్తున్నా. అదే నా పని."

"తలుపు కొట్టారా?"

"లేదు. ఎవరూ లేరనుకుని వచ్చేశా."

"కొట్టకుండానే ఎవరూ లేరని ఎలా తెలిసింది?"

అతని మెడ ఎర్రబడింది. ఏదో చెప్పబోయి మానేశాడు. ఫిలొమినాకి అది చాలనిపించింది. గది వెతికింది. సూట్‌కేస్, కారు, సీట్ల కింద. మూట లేదు. అయినా స్టేషన్‌కి తీసుకెళ్ళింది. సాయంత్రం దాకా కూర్చోబెట్టి స్టేట్‌మెంట్ తీసుకుంది. అతని వేలిముద్రలు తీసుకుంది. తీసుకుంటున్నంతసేపూ అతను గోడ వైపు చూశాడు.

"మేడమ్, ఒక మాట," అన్నాడు చివరలో. "మూటలో ప్రభుత్వం వాటా కూడా ఉందన్నారు. అలా ఉండదు. అది మూటల్లో రాదు. కాలేజీలో చేరినట్టు ఉత్తరం చూపించాకే, చదివేవాళ్ళ పేరు మీద వస్తుంది. దానికంటే ముందు ఇంటివాళ్ళు తమ డబ్బు తీసేసుకుంటే, ప్రభుత్వం కలిపింది ప్రభుత్వానికే వెళ్ళిపోతుంది."

"మీ పథకాల గురించి తరవాత వింటాను," అంది ఫిలొమినా.

ఎవిడెన్స్ లేదు. రాత్రి కాకముందే వదిలేసింది.

*

గురువారం ఉదయం తొమ్మిదికి మళ్ళీ ఫోన్. ఈసారి అద్దె గది యజమానురాలు.

టెయిట్ కారు నాలుగు టైర్లూ కోసేశారు. డ్రైవర్ సీటు నిండా చేప పేగులు. అతను టీ పొడి కోసం కొట్టుకి వెళ్తే అక్కడెవరో గుద్దారు. కింది పెదవి చీలింది.

"ఎవరు కొట్టారు?" అని అడిగింది ఫిలొమినా.

"పడ్డాను."

"టెయిట్ గారూ, ఎవరు?"

"పడ్డాను మేడమ్. రిపోర్ట్ వద్దు. మా అబ్బాయి పేపర్లో చదువుతాడు. చదివితే, మా నాన్న ఏం చేశాడని ఇలా కొట్టారు అనుకుంటాడు." అతను రుమాలు పెదవికి అదుముకున్నాడు. "నిన్న చెప్పడానికి సిగ్గేసింది. ఆ తలుపు నాకు అందలేదు."

"ఏమిటి?"

"నేను పొట్టివాణ్ణి. ఆ ఇంటి తలుపు మొదలే నా తలకన్నా ఎత్తులో ఉంది. కింద మెట్లు లేవు. గడ్డిలో నిలబడి చెయ్యి చాపా. గడప కింద గోడ తగిలింది అంతే. ఎదురింటి కిటికీలోంచి ఎవరో చూసి నవ్వారు. వచ్చేశా."

ఫిలొమినా కారెక్కి నేరుగా పసుపు రంగు ఇంటికి వెళ్ళింది.

ఈసారి ఇంటి ముందుకి నడిచింది.

ఆ తీరంలో చాలా ఇళ్ళకి ముందు తలుపు ఉంటుంది, మెట్లుండవు. శవపేటిక బయటికి తియ్యడానికి తప్ప ఎవరూ దాన్ని తెరవరు. ఊళ్ళో పుట్టినవాళ్ళకి ఆ తలుపు కంటికి కూడా ఆనదు. తలుపు కింద తడి నాచు మీద నున్నటి బూట్ల గుర్తులు. రెండు జతలు. దగ్గరికి వచ్చినవి, వెనక్కి తిరిగినవి. ఇంటి పక్కకి ఒక్క అడుగు కూడా వెళ్ళలేదు.

పరాయివాడు ముందు తలుపుకి వెళ్తాడు. ఊరివాడు వెనక తలుపుకి వస్తాడు, తట్టడు.

మరి వెనక తలుపు తట్టింది ఎవరు?

ఆమె వెనక్కి నడిచింది. గొళ్ళెం ఎత్తింది. రాలేదు. మోకాలితో తోసింది. వసారాలోకి వచ్చి వంటింటి తలుపు ముందు నిలబడింది. చెయ్యి దానంతటదే లేచింది, తట్టడానికి.

ఆ చేతిని చూసుకుంది.

ఇరవై ఏళ్ళ యూనిఫామ్. ప్రతి తలుపూ తట్టి తట్టి అలవాటైన చెయ్యి. కిందటి క్రిస్మస్‌కి దక్షిణ తీరంలో సొంత ఊరు వెళ్ళినప్పుడు కన్నతల్లి ఇంటి తలుపు కూడా ఇలాగే తట్టింది. అమ్మ తలుపు తీసి నవ్వింది. తరవాత నవ్వలేదు. నిన్న డార్కస్ అత్త ఆ తలుపు చప్పుడు గురించి చెబుతుంటే, ఇలాంటి ఊళ్ళోనే పుట్టిన తనకి, గార్లాండ్ చెప్పేదాకా అందులో వింత కనిపించలేదు. ఆమె చెవులు వెచ్చబడ్డాయి.

చెయ్యి దించేసింది. తలుపు తోసుకుని లోపలికి వెళ్ళింది.

"అత్తా, సాయంత్రం ఆరింటికి మీ అబ్బాయినీ మనవరాలినీ ఇంట్లో ఉండమనండి. పక్కింటివాళ్ళని కూడా."

డార్కస్ అత్త తల ఎత్తింది. "ఇవాళ తట్టలేదేం?" అంది నెమ్మదిగా.

*

ఆరింటికి అందరూ వచ్చారు. డార్కస్ అత్త మంచం మీద. పక్కన కెజియా. గార్లాండ్, మెల్వినా బల్ల దగ్గర. లియాండర్ సింక్ పక్కన నిలబడ్డాడు. కూర్చోమన్నా కూర్చోలేదు.

చివర్లో ఫిలొమినా టెయిట్‌ని తీసుకొచ్చింది. అతను రానన్నాడు. బతిమాలి తీసుకొచ్చింది. అతను గోడకి ఆనుకుని నిలబడ్డాడు. ఆ వంటింట్లో అడుగు పెట్టినవాళ్ళకి టీ ఇవ్వకపోవడం ఎప్పుడూ లేదు. ఆ రోజు ఎవరూ కెటిల్ వైపు చూడలేదు.

"వీణ్ణెందుకు తెచ్చావు?" అన్నాడు గార్లాండ్.

"నీ చెయ్యి చూపించు గార్లాండ్."

గార్లాండ్ చెయ్యి బల్ల కిందికి లాక్కున్నాడు. వేళ్ళ కణుపుల మీద చర్మం లేచిపోయి ఉంది.

"అత్తా," అంది ఫిలొమినా, "బుధవారం తలుపు కొట్టిన మనిషికి గొళ్ళెం ఎన్నోసారికి వచ్చింది?"

డార్కస్ అత్త సూదుల మీదికి తల వంచింది.

"మీకు నా కారు బెల్టు మలుపు దగ్గరే వినిపిస్తుంది. గొళ్ళెం వినపడలేదా?"

"ఒక్కసారికే వచ్చింది," అంది డార్కస్ అత్త.

"నాకు రెండు రోజులుగా వస్తున్నా రాలేదు. టెయిట్ గారు ఈ వసారా వైపే రాలేదు. ముందు తలుపు కింద నిలబడి తిరిగి వెళ్ళిపోయారు. గుర్తులున్నాయి, ఫొటో తీశాను. అయితే వచ్చిందెవరు? ఈ గొళ్ళెం ఒడుపు తెలిసినవాళ్ళు. వెనక తలుపుకే వచ్చినవాళ్ళు. అయినా తట్టినవాళ్ళు. ఆ పూట కెజియా కొట్లో ఉంది. పదిమంది చూశారు." ఆమె తిరిగింది. "లియాండర్ అన్నా, ఇంజిన్ నూనె ఎక్కడ?"

గార్లాండ్ లియాండర్ వైపు తిరిగాడు.

లియాండర్ చేతుల తారు గీక్కుంటున్నాడు.

"నూనె కోసం కాదు," అన్నాడు. "అమ్మకి చెబుదామని వచ్చా."

"ఏం చెబుదామని?"

"డబ్బు లేదని."

కెజియా తల తిప్పి తండ్రిని చూసింది.

"నాలుగేళ్ళయింది. పడవ ఇంజిన్ పోయింది. పీతల సీజన్‌కి పది రోజులుంది. ఖాతాలోంచి తీసేశా. తీస్తే ప్రభుత్వం కలిపింది వెనక్కి పోతుందన్నారు. పోనీ అన్నా. ఒక్క సీజన్‌లో మళ్ళీ వేసేద్దామనుకున్నా. ఆ ఏడు పీత లేదు. తరవాతి ఏడు ధర లేదు." అతను మంచం వైపు చూశాడు. "అమ్మ నెలనెలా ఇస్తూనే ఉంది. తీసుకుంటూనే ఉన్నా. డీజిల్‌కి పోయింది."

"మూటలో ఏముంది?"

"పాత పేపర్లు. నోట్ల సైజుకి కోసి. రోడా రుమాల్లో కట్టి..." అతను ఆగాడు. "శుక్రవారం లోపల చెప్పేద్దామనుకున్నా. బుధవారం వచ్చా. వసారాలోకి వచ్చా. తలుపు తియ్యలేకపోయా. నా ఇంటి తలుపే. లోపల అమ్మ ఏదో పాట పాడుకుంటోంది. చెయ్యి గడియ మీదికి పోలేదు. తట్టా. ఎందుకు తట్టానో నాకు తెలీదు. ఎవరది అంది. నేనమ్మా అనడానికి నోరు రాలేదు."

పొయ్యిలో కట్టె చిటపటమంది.

"ఒట్టు," అన్నాడు. "మూట మాత్రం నేను తియ్యలేదు. ఎవరు తీశారో నాకు తెలీదు. పోయిందని తెలిసినప్పుడు..." చెప్పడానికి తడబడ్డాడు. "గండం గడిచింది అనుకున్నా. ఈయన్ని పట్టుకెళ్ళారు. నోరు మూసుకున్నా. పెదవి చీలింది. అప్పుడూ మూసుకున్నా."

టెయిట్ కిటికీ బయటికి చూస్తున్నాడు.

"తెలుసు, నువ్వు తియ్యలేదు," అంది ఫిలొమినా. ఆమె మంచం దగ్గరికి వెళ్ళి మోకాళ్ళ మీద కూర్చుంది. గొంతు తగ్గించింది. "అత్తా. ఎవరో తలుపు కొట్టి పలక్కుండా వెళ్ళిపోయారు. పక్కనే పద్దెనిమిదేళ్ళ కష్టం మూటగట్టి ఉంది. మీకు కునుకెలా పట్టింది?"

సూదులు ఆగిపోయాయి.

"నేనే అయితే లేచి మొదట మూట ఉందో లేదో తడుముతాను."

"తడిమాను," అంది డార్కస్ అత్త.

"ఉందా?"

"ఉంది. అయినా గుండె నిలవలేదు. ముడి విప్పా." ఆవిడ బొటనవేలితో చూపుడువేలి కొస రాసుకుంది. "ఇప్పటి నోట్లు ప్లాస్టిక్‌వి. తడి చేప తోలులా జారతాయి. అంధులకని మూల మీద చుక్కలు కూడా ఉంటాయి. అవి కాదు. గరుగ్గా ఉంది. పేపరు వాసన."

"అప్పుడు అర్థమైందా?"

"తలుపు కొట్టిందెవరో కూడా అప్పుడే అర్థమైంది. వీడు చిన్నప్పుడు తప్పు చేసినా అంతే. వసారాలో నిలబడేవాడు, లోపలికి వచ్చేవాడు కాదు."

"మూట ఏం చేశారు?"

"పొయ్యిలో వేశా. రుమాలు వెయ్యలేకపోయా." ఆవిడ అల్లిక సంచిలో ఉన్ని ఉండల కిందికి చెయ్యి పోనిచ్చింది. నీలం పువ్వుల రుమాలు తీసి ఒళ్ళో పరిచింది.

కెజియా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"నానమ్మా, ఎందుకు?"

"శుక్రవారం నువ్వా మూట కాలేజీ కౌంటర్ దగ్గర విప్పేదానివి తల్లీ. దొంగ ఎత్తుకుపోతే పిల్ల ఏడుస్తుంది. కన్నతండ్రి కాజేశాడంటే తల ఎత్తుకోలేదు. అదే ఆలోచించా. దొంగ అన్నాను. ఫలానావాడని అనలేదు." ఆవిడ ఆగింది. ముఖం టెయిట్ ఊపిరి వినిపిస్తున్న వైపు తిప్పింది. "వాళ్ళు మీ పేరు చెప్పారు. కాదు అనలేదు. మీరు పరాయివారు కదా, వెళ్ళిపోతారు కదా అనుకున్నా. డెబ్భై తొమ్మిదేళ్ళు వచ్చాయి నాకు. ఈ ఇంట్లో ఇలాంటి పని జరుగుతుందనుకోలేదు, అదీ నా చేత."

మెల్వినా ఏప్రన్ అంచు మెలిపెడుతోంది. గార్లాండ్ బల్ల మీద ఒక మరకని చూస్తున్నాడు, అది చాలా అవసరమైన మరక అన్నట్టు.

"నేను కూడా," అంది ఫిలొమినా. లేచి నిలబడింది. "ఒక్క తలుపు చప్పుడు పట్టుకుని మిమ్మల్ని సాయంత్రం దాకా కూర్చోబెట్టాను టెయిట్ గారూ. ప్రభుత్వం వాటా మూటల్లో రాదని మీరు చెప్పారు. చెబుతుంటే నేను వినలేదు. అప్పుడే వినుంటే మీ పెదవి చీలేది కాదు."

గార్లాండ్ గొంతు సవరించుకున్నాడు. "టైర్లు నేను కొంటా," అన్నాడు బల్లతో. "పేగులు కూడా... కడుగుతా."

"కడుగుతాడు," అంది మెల్వినా. "నాలికతో."

ఎవరూ నవ్వలేదు. టెయిట్ మాత్రం నవ్వబోయాడు. పెదవి నొప్పి పుట్టి ఆపేశాడు.

ఫిలొమినా నోట్‌బుక్ మూసింది. దొంగతనం లేదు. తప్పుడు రిపోర్ట్ ఉంది, దాని సంగతి తరవాత చూడాలి. ఇక వెళ్ళొచ్చు. కానీ వెళ్ళబుద్ధి కాలేదు. కెజియా ముఖం చూసింది. ఆ పిల్లకి రేపు శుక్రవారం. మూట దొరికినట్టే. మూటలో ఏమీ లేదు.

"అమ్మాయ్," అన్నాడు టెయిట్ హఠాత్తుగా. కెజియా తల ఎత్తింది. "సోమవారం మీటింగ్‌లో నేనొకటి చెప్పాను. ఎవరూ వినలేదు. ఇరవై సెంట్లు కలిపేది ఒక రకం సొమ్ము. ఇంకోటుంది. రాబడి తక్కువున్న ఇళ్ళ పిల్లలకి. అందులో ఇంటివాళ్ళు ఒక్క సెంటు కూడా వెయ్యక్కర్లేదు. ప్రభుత్వమే వేస్తుంది. ఖాతా ఉండి, అడిగితే చాలు. మీ ఇంట్లో అడిగారా?"

కెజియా తండ్రి వైపు చూసింది.

"ఇది పుట్టినప్పుడు ఆస్పత్రిలో నర్సు చెప్పింది," అన్నాడు లియాండర్. "రోడా అడుగుదామంది. నేనే వద్దన్నా. అది బీదవాళ్ళకిచ్చేది, మాకక్కర్లేదు అన్నా. అడిగితే ఊరంతా తెలుస్తుందనుకున్నా."

"ఊరికి తెలీకుండా ఎలా ఉంటుంది?" అంది మెల్వినా మెల్లగా. "మేమూ వద్దన్నాం అప్పుడు. మీరు అడగలేదని."

టెయిట్ గోడ వదిలి ఒక అడుగు ముందుకి వేశాడు.

"అడగని సొమ్ము ఎక్కడికీ పోలేదు. పద్దెనిమిది దాటాక పిల్లలే సొంతంగా అడగొచ్చు. ఇరవై ఒకటి రాకముందు. రాబడి తక్కువైన ఏళ్ళకి లెక్క కట్టి ఇస్తారు. నా దగ్గరే ఖాతా తెరవాలని లేదు. మీ బ్యాంకులో తెరవండి. నాకు కమిషన్ వద్దు." అతను కాస్త ఆలోచించాడు. "అంతా సరిపోదు. మొదటి టర్ముకి సాయపడుతుంది. రేపటికి రాదు. కాలేజీ వాళ్ళకి ఫోన్ చేసి, సొమ్ము వస్తోంది, గడువివ్వండి అని అడగాలి. ఇస్తారు. చాలామందికి ఇచ్చారు. కానీ అందుకు ఒకటి చెప్పాల్సొస్తుంది."

"ఏమిటి?"

అతను కళ్ళు దించుకున్నాడు.

కెజియా లేచింది. గోడ దగ్గరున్న కుర్చీ తెచ్చి బల్ల ముందు వేసింది. టెయిట్‌ని కూర్చోమంది. పొయ్యి మీద కెటిల్ పెట్టింది. బెల్లం పాకంలాంటి మొలాసిస్ వేసిన బన్ను ఒకటి కోసి వెన్న రాసింది. పెదవి పగిలినవాడు తినగలిగేలా చిన్న ముక్కలు చేసింది. పళ్ళెం అతని ముందు పెట్టి ఎదురుగా కూర్చుంది.

పక్కింటివాళ్ళు వింటున్నారు. పోలీసు వింటోంది. కెజియా గొంతు తగ్గించలేదు.

"మాది పేద ఇల్లండీ," అంది. "అప్పుడూ పేదే, ఇప్పుడూ పేదే. ఏం చెయ్యాలో చెప్పండి."

డార్కస్ అత్త చేతులు రుమాలు మీద బిగుసుకున్నాయి.

"ముందుగా, ఏ ఏ ఏళ్ళు రాబడి తక్కువో తెలియాలి," అన్నాడు టెయిట్.

కెజియాకి తెలీదు. తండ్రి వైపు తిరిగింది.

లియాండర్ గార్లాండ్‌ని చూశాడు. మెల్వినాని చూశాడు. ఇరవై ఏళ్ళుగా ఒకే రేవు, ఒకే షెడ్డు. ఈ ఏడు ఎలా ఉంది అని వాళ్ళడిగిన ప్రతిసారీ, పర్లేదు అని చెప్పినవాడు. గార్లాండ్ లేచి వెళ్ళిపోతే బాగుండునని అతని ముఖంలో కనిపించింది. గార్లాండ్‌కి అది అర్థమైంది. లేవబోయాడు.

"ఉండు గార్లాండ్," అన్నాడు లియాండర్.

సింక్ దగ్గర్నుంచి వచ్చాడు. కూతురి పక్కన బెంచీ మీద కూర్చున్నాడు. తారు చేతులు బల్ల మీద పెట్టాడు.

"ఇది పుట్టిన ఏడాది," అన్నాడు. "దాని తరవాతి ఏడాది కూడా."

"చెప్పు నాన్నా," అంది కెజియా.